మన గుట్టమీద దుర్భిణి యేల లేదు?

గడచిన మార్గశిరమున నొకనాటి రాత్రి వసతిగృహపు బాలురను కొందరిని వెంటబెట్టుకొని నల్లగొండ ఊరివెలుపలి మిట్టమీదికి పోయితిని. ఆకాశము నిర్మలముగ నుండెను. కృత్తికలను, రోహిణిని, మృగశిరను చూపి, వృషభరాశిలో కొమ్ముకొనయొద్ద కంటికి కానరాని వస్తువొకటి కలదనియు, అట్టి వస్తువులనుండి వచ్చు గామాకిరణముల జాడ పట్టుటకు లడఖు సీమలోని హాన్లేయొద్ద మన దేశమువారు గొప్ప దూరదర్శినిని నిలిపిరనియు, దానిని హైదరాబాదులోనే నిర్మించిరనియు చెప్పుచుంటిని. అంతట ఎనిమిదవ తరగతి బాలుడొకడు, “సార్, ఇక్కడ చేసినదాన్ని అంతదూరం మోసుకపోవుడెందుకు? మన లతీఫ్ సాహెబు గుట్టమీదనే పెట్టరాదా?” అని యడిగెను. తక్కినవారు గొల్లున నవ్విరి. నేనును నవ్వి, “మన గుట్ట ఎత్తు చాలదురా” అని యొక్కమాటతో తప్పించుకొంటిని.

ఆ వారములోనే మఱియొక మాట వింటిని. కుమారుని చూడవచ్చిన రైతొకడు ఈ సంగతి విని, “మన ఊళ్ల నీళ్లకే దిక్కులేక ఇన్నేండ్లు గడిపితిమి. ఆ కనబడని కిరణాలతోటి మనకేం పని సారూ?” అనెను. అతనికిని నేను తిన్నని ప్రత్యుత్తర మీయలేకపోయితిని. ఆలోచింపగా ఆ బాలుని ప్రశ్నకును ఈ తండ్రి ప్రశ్నకును మూల మొక్కటియే యని తోచినది. వేధశాల యెవరి నేలమీద నుండునో వారిదే దానియందు భాగమనియు, తక్కినవారికి అందులో పనిలేదనియు ఇద్దరును తలంచిరి. ఆ తలంపు సరికాదని నా యభిప్రాయము. అంతర్జాతీయమైన వేధశాలలను సంకల్పించు ఈ కాలమున మన జిల్లాలవారు అడుగవలసినది గుట్టమీద దుర్భిణి కాదు. ఆ సంకల్పములో, ఆ కొలతలో, ఆ విద్యలో భాగమును అడుగవలయును. అట్టి భాగము మనకు దగ్గఱివారికి పూర్వ మొకపరి దొరకినది. అది యెట్లు దొరకెనో, పిదప ఎట్లు జాఱెనో చెప్పుటకే ఈ వ్యాసము.

ముందు ఈ కిరణములేవో చెప్పవలయును. కంటికి కనబడు వెలుతురును, రేడియో తరంగములును, వైద్యశాలలో ఎముకలను చూపు ఎక్స్ కిరణములును ఒక్క జాతివే. ఆ జాతిలో మిక్కిలి బలము గలవి గామాకిరణములు. నక్షత్రము ఊరక మండినంతమాత్రమున ఇంతటి బలముగల కిరణములు పుట్టవు. నక్షత్రములు పేలినచోటను, కృష్ణబిలములు తమ చుట్టుప్రక్కల ద్రవ్యమును మహావేగముతో చిమ్మునట్టిచోటను పుట్టును. వృషభరాశిలోని ఆ వస్తువు పీత నీహారిక. 1054వ సంవత్సరమున చీనాదేశపు జ్యోతిష్కులు పట్టపగలు సైతము చూచి వ్రాసియుంచిన యొక నక్షత్రవిస్ఫోటపు శేషమది. మనకు సుమారు 6,500 కాంతిసంవత్సరముల దూరమున నున్నది.

ఈ కిరణములు మన వాయుమండలమును దాటి నేలకు రాలేవు. అది మన ప్రాణములకు మేలు, ఖగోళజ్ఞునకు చిక్కు. దీనికి ఉపాయములు రెండు. గాలికి పైగా పోవుట యొకటి, గాలినే పరికరముగ వాడుకొనుట మఱియొకటి. బలమైన గామాకిరణము నేలకు పది కిలోమీటర్లో అంతకు మించియో ఎత్తున గాలిని తాకినపుడు ఎలక్ట్రానులును, వాని ప్రతికణములగు పాజిట్రానులును పుట్టి, వానినుండి మఱికొన్ని పుట్టి, ఒక్కటి వేలై జల్లువలె దిగివచ్చును. ఆ కణములు గాలిలో వెలుతురు పోవు వేగమునకంటె ఎక్కువ వేగముతో పోవుటచే సన్నని నీలికాంతి వెలువడును. 1934లో ఈ కాంతిని కనుగొన్న రష్యా శాస్త్రజ్ఞుడు చెరెంకోవు పేరనే దానిని పిలుతురు. సెకనును వందకోట్ల వంతులు చేసినచో అందు కొన్ని వంతుల కాలముమాత్రమే ఆ మెఱుపు నిలుచును. నేలమీద సుమారు 250 మీటర్ల వెడల్పున వెన్నెల మడుగువలె పఱచుకొని మాయమగును. మన కన్ను దానిని చూడజాలదు.

ఇట్టిదానిని పట్టుట కెంత ధనము వలయునో యని భయపడు బాలుర కొక సంగతి చెప్పెదను. 1952లో ఇంగ్లండు దేశమందలి హార్వెలునందు గాల్‌బ్రెయిత్, జెల్లీ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు ఒక చెత్తడబ్బాను తెచ్చి, అందులో 25 సెంటీమీటర్ల యద్దమొకటి పెట్టి, దాని యెదుట వెలుతురును గుర్తించు గొట్టమును నిలిపి, చీకటిరాత్రి ఆకాశమువైపు త్రిప్పిరి. విశ్వకిరణములు గాలిలో పుట్టించు మెఱుపులు మొట్టమొదట చిక్కినది ఆ చెత్తడబ్బాలోనే. మఱుసటి యేట ఆ సంగతి లోకమునకు ప్రకటించిరి. ఆ తరువాత 36 ఏండ్లకు, 1989లో, అమెరికాలోని అరిజోనా కొండమీద 10 మీటర్ల దర్పణముతో పనిచేసినవారు పీత నీహారికనుండి గామాకిరణములు వచ్చుచున్నవని నిస్సంశయముగ చూపగలిగిరి. నడుమనున్న 36 ఏండ్లలో ఎందఱో పనిచేసి ఫలితము చూడకయే విరమించిరి. దానిని మఱవరాదు.

ఇప్పుడు పలుదేశములు కూడి తలపెట్టినది ఇంతకంటె పెద్ద పని. దాని పేరు చెరెంకోవ్ టెలిస్కోప్ ఆరే అబ్జర్వేటరీ. భూమి గుండ్రముగనున్నది గావున ఒక్కచోటినుండి ఆకాశమంతయు కానరాదు. అందుచే ఉత్తరార్ధగోళమున స్పెయినుకు చెందిన లా పాల్మా ద్వీపమును, దక్షిణార్ధగోళమున చిలీదేశపు అటకామా ఎడారిలోని పరనాల్ ప్రాంతమును ఎన్నుకొనిరి. మన పాలపుంత నడిబొడ్డు దక్షిణమునుండి చక్కగ కనబడును. మొదటి యేర్పాటు ప్రకారము ఉత్తరమున 13, దక్షిణమున 51, వెరసి 64 దూరదర్శినులు. వీనియం దన్నిటికంటె పెద్దవాని దర్పణము వెడల్పు 23 మీటర్లు, నడిమివానిది 12, చిన్నవానిది సుమారు 4. ఇన్ని తీరులేల యనగా, బలము తక్కువగల కిరణములు ఎక్కువగ వచ్చును గాని వాని మెఱుపు మందము, దానికి పెద్దయద్దము వలయును. మిక్కిలి బలముగలవాని మెఱుపు ప్రకాశవంతమే గాని అవి అరుదు, వానికొఱకు చిన్న యద్దములను విశాలమైన నేలమీద చెదరగొట్టి కాచుకొనియుండవలయును. చేపలు పట్టువారు సన్నకన్నుల వల వేఱు, పెద్దకన్నుల వల వేఱు ఉంచుకొనుట లేదా? 23 మీటర్ల దూరదర్శినులలో మొదటిదానిని లా పాల్మాయందు 2018 అక్టోబరున ప్రారంభించిరి. ఈ వేధశాలకు ఐరోపాలో చట్టసమ్మతమైన సంస్థారూపము 2025 జనవరిలో వచ్చినది. సంకల్పము మాత్రము అప్పటికే సుమారు ఇరువదియేండ్లనాటిది.

ఇంత కాలము పట్టిన యా సంకల్పమున, నా దృష్టికి, యంత్రములకంటె స్థలమును గూర్చిన చర్చయే విద్యార్థి గమనింపదగినది. దక్షిణస్థానమునకు 2014లో తుదిదాక వచ్చినవానిలో ఆఫ్రికాయందలి నమీబియాదేశపు ఆర్ అను చోటొకటి. ఆ దేశమునకు ఈ విద్య క్రొత్త కాదు. అచటి ఖోమాస్ పీఠభూమిమీద, 1,800 మీటర్ల యెత్తున, పసులమేత భూముల నడుమ, హెస్ అను గామాకిరణ దూరదర్శినులు ఈ శతాబ్దారంభమునుండి పనిచేసినవి. అయినను 2015లో మొగ్గు చిలీవైపే చూపిరి. అచట గొప్ప వేధశాల యొకటి పూర్వమే యుండి, దారియు, నీరును, విద్యుత్తును, పని తెలిసినవారును సిద్ధముగ నుండుట దానికి బలమైయుండునని నా యూహ. ఆకాశము బాగున్నంత మాత్రమున చాలదన్నమాట.

ఇక ఆ బాలుని ప్రశ్న. మన నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతములు సముద్రమట్టమునకు నాలుగైదు వందల మీటర్ల యెత్తున నున్నవి. హాన్లేయందు ఆ దూరదర్శిని యున్న తావు 4,270 మీటర్లు. అంత యెత్తున మెఱుపు పుట్టు చోటు దగ్గఱ, నడుమ గాలి పలుచన. మనకు జ్యేష్ఠమునుండి ఆశ్వయుజమువఱకు మబ్బులు, వేసవిలో దుమ్ముపొర. హాన్లేకు వానమబ్బు చాలవఱకు అందనే యందదు. ఏటికి సుమారు 260 రాత్రులు పరిశీలనకు పనికివచ్చునని లెక్క. కావున మన గుట్టకు నేను పక్షపాతినయ్యును, ఇచట నిలుపుమని యడుగుట మొండితనమగును. ఆ రాత్రి నేను చెప్పిన “ఎత్తు చాలదురా” అను మాట అసత్యము కాదు. కాని సంగతి అంతటితో ముగియలేదు, ముగిసినట్లు నేను నటించితిని. అదియే నా తప్పు.

ఎందుకనగా, ఇటువంటి అంతర్జాతీయ సంకల్పమొకటి నూఱేండ్లకు పూర్వమే హైదరాబాదు వాకిటికి వచ్చియుండెను. 1887లో పారిసు నగరమున పలుదేశముల ఖగోళజ్ఞులు సభచేసి, ఆకాశమంతయు ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక వ్రాయుటకు నిశ్చయించిరి. చెఱువుక్రింది పొలములకు నీరడి వంతు లేర్పఱచినట్లు, ఆకాశమును పట్టీలుగ విడదీసి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ నప్పగించిరి. దక్షిణమున 17 మొదలు 23 అంశల వఱకుగల పట్టీ చిలీలోని శాంటియాగోవారికి వచ్చెను. వారు దానిని నెఱవేర్పజాలకపోయిరి. ఆ వంతు హైదరాబాదులోని నిజామియా వేధశాలకు మాఱెను. నేడు గామాకిరణముల వేధశాల చిలీలోనే వెలయుచున్నదిగదా, ఎవరి వంతు ఎప్పుడెవరికి మాఱునో చెప్పజాలము.

ఆ నిజామియా వేధశాలను స్థాపించినది ప్రభుత్వము కాదు, నవాబు జఫర్ జంగు అను నొక ప్రభువు. 1901లో ఆయన ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. ఆయన గతించిన పిదప 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు మార్చెను. మొదటి సంచాలకుడు చాట్‌వుడ్డు. 1914లో పోకాక్ వచ్చి నక్షత్రపటముల పనిని సాగించెను. 1918లో ఆయన మరణింపగా భాస్కరన్ గారు ఆ భారము వహించి 1944వఱకు నిర్వహించిరి. 1914 మొదలు 1929 వఱకు దక్షిణపుపట్టీకి 1,260 గాజుఫలకములు తీసిరి. అది చాలక, జర్మనీలోని పోట్స్‌డాము వేధశాలవారి మండలములో మిగిలిపోయిన 36 మొదలు 39 ఉత్తరాంశల పట్టీని గూడ పైన వేసికొని 1928 మొదలు 1938 వఱకు మఱి 592 ఫలకములు తీసిరి. ప్రతి ఫలకమును సూక్ష్మదర్శినిక్రింద నుంచి, గీతలగడులలో ఒక్కొక్క నక్షత్రపు చుక్క యెక్కడ నున్నదో నిడివియు అడ్డమును చూచి, పద్దుపుస్తకమున అంకెలు వ్రాయవలయును. ఏ మెఱుపును లేదు, ఏ చప్పట్లును లేవు. వేసవిలోను, ముసురులోను, రెండు ప్రపంచయుద్ధముల నడుమను కొలిచిరి. ఆ కొలతగాండ్రలో పెక్కుర పేర్లు నేడెవ్వరి నోటను లేవు.

ఈ పని వృథాయని తరువాత ఎందఱో పెదవి విఱిచిరి. పటముల భాగము ఏనాటికిని పూర్తికాలేదు. ఉన్న పట్టికలు పుస్తకములలో మూలబడియుండెను. అయితే 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహము నంపి నక్షత్రముల స్థానములను మహాసూక్ష్మముగ కొలిచిరి. నక్షత్రము ఏవైపునకు ఎంత వేగముతో కదలుచున్నదో తెలియవలెనన్న నేటి స్థానము చాలదు, పూర్వపు స్థానము గూడ కావలయును. ఎచట దొరకును? ఆ పాతపట్టికలలోనే. 2000వ సంవత్సరమున వెలువడిన టైకో-2 అను పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రముల చలనములను లెక్కించుటకు ఆ ఛాయాచిత్రపు కొలతలను వాడిరి. అందు హైదరాబాదులో వ్రాసిన యంకెలును ఉన్నవి. ఉపగ్రహములను కలలోగూడ ఎఱుగని గుమాస్తాలు బేగంపేటలో చేసినపని ఉపగ్రహమునకు జోడైనది.

ఇంకొకటి. ఆ నిజామియా వేధశాలలో పనిచేయు ఉద్యోగి యొకరి కుమారుడు చిన్ననాటినుండి ఆ దుర్భిణులచుట్టు తిరుగుచు పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డునకు పోయి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనెను. ఆయనయే వైణు బప్పు గారు. తరువాత బెంగుళూరులో భారత ఖగోళభౌతిక సంస్థకు మూలపురుషులైరి, అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులైరి. హాన్లేలోని వేధశాలను నేడు నడుపునది ఆ సంస్థయే. ఒకయూర నొక దుర్భిణి యుండుటవలన కలుగు లాభమును రూకలలో లెక్కించువారు ఈ వరుసను కూడ లెక్కలో చేర్చుకొందురుగాక.

గాలికి పైగా పోవు ఉపాయమును గూర్చి పైని చెప్పితిని. అందును మన సీమకు పాలు కలదు. టాటా మౌలిక పరిశోధనసంస్థవారు 1969 మొదలు హైదరాబాదులో గొప్ప బెలూనులను ఎగురవేయు కేంద్రమును నడుపుచున్నారు. ఈ స్థలమును ఎన్నుకొనుటకు చక్కని కారణ మొకటి యున్నది. హైదరాబాదు భూమి యయస్కాంతపు మధ్యరేఖకు చేరువనున్నది. అచట ఆ యయస్కాంతబలము, తక్కువ శక్తిగల విశ్వకిరణ కణములను ప్రక్కకు త్రోసివేయును. అందుచే ఎక్స్, గామాకిరణములను కొలుచు పరికరములకు అడ్డుతగులు సందడి తక్కువ. బెలూను పైకెక్కి పని ముగించిన తరువాత పరికరములపెట్టె గొడుగు పట్టుకొని ఎచటనో చేలలో దిగును. అట్టిది మన చేలలో దిగిన యెడల, వింతవస్తువని విప్పి చూడక, పోలీసువారికి కబురుచేసి కాపలాయుండుట మనపని. ఆ పెట్టెలో ఏండ్లతరబడి యెవరో పడిన శ్రమ యుండును.

ఇక హాన్లేలోని దూరదర్శిని సంగతి. దాని పేరు మేస్. భాభా అణుపరిశోధన కేంద్రమువారిది. దర్పణము వెడల్పు 21 మీటర్లు, బరువు సుమారు 180 టన్నులు, వెలుతురును పట్టు తలము 356 చదరపు మీటర్లు, దాని కెమెరాలో 1,088 కన్నులు. అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున నెలకొల్పిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ దానిని నిర్మించినది. ముందు హైదరాబాదులోనే కూర్చి సరిచూచుకొని, మరల విప్పి లడఖునకు తరలించిరి. 2024 అక్టోబరు 4వ తేదీన దానిని ప్రారంభించిరి. అంతటి యెత్తున ఇంతటి గామాకిరణ దూరదర్శిని లోకమున మఱియొకటి లేదు. ఇది గర్వింపదగినదే. అయినను ఇచట నా మనస్సునకు ఒక ముల్లు తగులుచున్నది. పాలమూరు కూలీలు దేశమందలి ఎన్ని ఆనకట్టలకో మట్టి మోసిరి, ఎన్ని కాలువలనో త్రవ్విరి. ఆ నీరు వారి చేలకు రాలేదు. ఆకాశవిద్యయందును మనము ఇనుము వంచి, మఱలు బిగించి, లారీలకెత్తి పంపువారముగ మాత్రమే నిలిచిపోవుదుమా? బిగించిన చేతికిని చూచు కంటికిని నడుమ మన జిల్లా బాలుని కెన్ని మెట్లున్నవో, అవి యెక్కడ విఱిగియున్నవో ఆ సంకల్పకర్తలు మొదటినాడే చూడవలయునని నా మనవి.

ఈ మెట్లలో నొకటి మనకు చేరువనే విఱిగినది. ఇబ్రహీంపట్నమునకు ఆవల, నేటి రంగారెడ్డి జిల్లాలో, మన నల్లగొండ పొలిమేరకు దగ్గఱగ జపాల్, రంగాపురము అను గ్రామములున్నవి. నగరపు దీపములకు దూరముగ చీకటి వెదకికొని ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు అచట 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. అక్బరు అలీ గారు నిజామియాకు సంచాలకులుగనున్నపుడు మొలకెత్తిన యాలోచన యది. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ మీదుగా పోయినపుడు శాస్త్రజ్ఞులు పరికరములతో అచట విడిసిరి. అటుపిమ్మట హైదరాబాదు ఆ చీకటిని వెంబడించెను. నగరము పెరిగినకొలది ఆకాశపు అంచున తెల్లని పొగవంటి కాంతి నిలిచినది. పనియును క్రమముగ సన్నగిల్లినది. బేగంపేటలోని పాత నిజామియా గుమ్మటము సైతము పాడువడినది. క్రొత్త వేధశాలకు కోట్లు కూర్చుట సులభము, ఉన్నదానికి ఏటేట సున్నము కొట్టించి, అద్దము తుడిపించి, ఇద్దఱు యువకులకు జీతమిచ్చి నిలుపుట కష్టము. వేధశాలను సంకల్పించువారు మొదటి దీపమువెలిగించు సభకంటె ముప్పదియవ సంవత్సరపు పద్దును ముందు వ్రాయవలయునని నేనందును.

ఆ రైతు మాటను మఱవలేదు. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఎందఱి యెముకలను వంచెనో మన యిండ్లలోనివారికి నేను చెప్పనక్కఱలేదు. నీటికి పోవలసిన రూకను నక్షత్రములకు పెట్టుమని చెప్పుటకు నాకు నోరురాదు. కాని ఆ ఫ్లోరైడును ఎవరు కనిపెట్టిరి? తేటగనున్న నీటిలో కంటికి కానరానిది కలదని కొలిచి చూపినవారే. 1970వ దశకమున నాగపురపు పరిశోధనసంస్థవారు పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని ఏర్పఱచి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఆ పేరు ఆఫ్రికాదేశముల నీటిపుస్తకములలో సైతమున్నది. కానరానిదానిని కొలుచు విద్య యొక్కటియే. నీటిని కొలుచువాడు వేఱు, కిరణమును కొలుచువాడు వేఱు గాని, ఇద్దఱును కూర్చున్న బడి బల్ల యొక్కటి. ఆ బల్లను విఱుగగొట్టి ఏదో యొకదానిని మాత్రమే ఎన్నుకొనుడని మనలను అడుగువారు సరిగ నడుగుట లేదు.

భాగము దొరకు మార్గము నేడు పూర్వముకంటె సులభము. చెరెంకోవ్ వేధశాలవారు, తమ కొలతలను కొంతకాలము గడచిన పిమ్మట లోకమునందఱికిని తెఱచియుంచెదమని ముందే నిర్ణయించిరి. అటకామా ఎడారిలో పట్టిన మెఱుపుల లెక్కను మహబూబునగరపు కళాశాలలో కూర్చుండి చూడవచ్చును. అయితే చూడనేర్చినవాడు కావలయును. వానికి లెక్కలును, గణకయంత్రముతో పనియును నేర్పు ఉపాధ్యాయుడు కావలయును. మన దేశము ఇటువంటి సంకల్పములలో చేరునపుడెల్ల పెద్ద నగరముల సంస్థలతోపాటు ఇట్టి జిల్లా కళాశాలలకు గూడ నిర్ణీతమైన స్థానము లుండవలయునని మన ప్రతినిధులు అడుగవలయును. దుర్భిణి వద్దు, కుర్చీ కావలయును.

చీకటి మాటయును చెప్పవలయును. హాన్లేచుట్టును 2022లో చీకటి సంరక్షణమండలము నేర్పఱచినపుడు అచటి గ్రామస్థులు కిటికీలకు దళసరి తెరలు కట్టుకొనిరి, బండ్ల దీపములు తగ్గించుకొనిరి. వారిలో పలువురు దుర్భిణి పట్టుట నేర్చి, యాత్రికులకు నక్షత్రములు చూపి జీవనము గడుపుచున్నారు. ఇది వినుటకు ఇంపుగనున్నది గాని మన యింటిలో కష్టము. రెండేండ్ల క్రిందట పాఠశాల ద్వారముకడ ఎత్తైన దీపస్తంభము కావలయునని వ్రాసిన అర్జీమీద నేనును సంతకము చేసితిని. ట్యూషనునుండి చీకటిలో వచ్చు బాలికలకు అది అవసరమే. ఆ సంతకమునకు నేడును చింతింపను. చింతించునది మఱియొకందులకు: ఆ దీపము సగము వెలుతురును దారిమీద గాక ఆకాశముమీద పోయుచున్నది. దానివలన బాలికలకును ప్రయోజనము లేదు. పైన మూతయున్న దీపము అంతే వెలుతురును దారికిచ్చును.

గుట్టను గూర్చి యడిగిన బాలునికి ఈ మాఘమాసమున నొక పని యొప్పగించితిని. కృత్తికలలో ఎన్ని చుక్కలు కనబడునో ఊరివెలుపలి మిట్టమీదను, పాఠశాల ద్వారముకడను ఒక్క రాత్రియే లెక్కించి నోటుపుస్తకమున వ్రాయవలయును. మొదటి రాత్రి మిట్టమీద ఏడు, ద్వారముకడ నాలుగు అని వ్రాసెను. మఱునాడును అంతే. మూడవనాడు మబ్బు, “చూడలేదు” అని నిజాయితీగ వ్రాసెను. ఆ దీపమునకు మూతవేయుటకు తగరపురేకు ఎంత పట్టునో కొలిచి రమ్మని ఇపుడు అతనినే పంపియున్నాను.